కరెంటు పోయాకే తెలుస్తుంది ప్యాకేజీ మేనేజర్ సత్తా

మే నెలలో ఒక సాయంత్రం. విజయవాడ గవర్నర్‌పేటలోని ఒక శిక్షణ సంస్థ ల్యాబ్‌లో ఇరవై మెషీన్లకు ఉబుంటు (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఒక రకం) అప్‌డేట్ పెట్టాను. సగంలో ఉండగా కరెంటు పోయింది. యూపీఎస్ బ్యాటరీలు పాతవి, రెండు నిమిషాలు కూడా ఆగలేదు. తెల్లారితే పిల్లలకు ప్రాక్టికల్ పరీక్ష. ఆ రాత్రి టెన్షన్‌లోనే నాకొక విషయం గట్టిగా తలకెక్కింది. సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలను వేసి, అప్‌డేట్ చేసి, తీసేసే ప్రోగ్రామే ప్యాకేజీ మేనేజర్. ఏది మంచిదని అడిగితే అందరూ వేగం లెక్కలు చెబుతారు. మధ్యలో ఆగిపోతే ఎలా కోలుకుంటుందన్నదే నేను ముందు చూస్తాను.

ఉబుంటులో మనం ఆదేశాలిచ్చేది ఆప్ట్ అనే ప్యాకేజీ మేనేజర్‌కి. ఉబుంటుకి మూలమైన డెబియన్ 1999లో 2.1 విడుదలతో దీన్ని అందించింది. దేనికి ఏ ప్యాకేజీ కావాలో తేల్చి, డౌన్‌లోడ్ చేసి, అసలు పనిని అంతకన్నా పాత ప్రోగ్రామైన డీపీకేజీకి అప్పగిస్తుంది. డీపీకేజీ ముందు ఫైళ్లు విప్పి పెడుతుంది, తర్వాత కాన్ఫిగర్ చేస్తుంది, అంటే వాడకానికి సిద్ధం చేస్తుంది. ఏ ప్యాకేజీ ఎంతవరకు వచ్చిందో ఒక మామూలు టెక్స్ట్ ఫైల్లో రాసుకుంటుంది. అందుకే కరెంటు వచ్చాక, మిగిలినవి కాన్ఫిగర్ చేయమని డీపీకేజీకి ఒక ఆదేశం, తెగిన డిపెండెన్సీలు (ఒక ప్యాకేజీకి కావాల్సిన వేరే ప్యాకేజీలు) సరిచేయమని ఆప్ట్‌కి ఇంకొకటి ఇస్తే చాలా వరకు పని అయిపోతుంది. ఆ రాత్రి పదకొండింటికల్లా ఇరవై మెషీన్లూ లేచాయి.

ఆప్ట్ నెమ్మది అనేవాళ్ల మాట అబద్ధం కాదు. కానీ ఆ నెమ్మదికి ఒక కారణం ఉంది. విప్పిన ఫైల్ నిజంగా డిస్కు మీదికి చేరిందని తేల్చుకున్నాకే డీపీకేజీ పాత ఫైల్ స్థానంలో కొత్తదాన్ని పెడుతుంది. పాత హార్డ్ డిస్కుల మీద ఈ జాగ్రత్త ఖరీదు బాగా కనిపిస్తుంది. మన దగ్గర వేసవిలో మాత్రం ఆ ఖరీదు పెట్టదగ్గదే.

ఇంకో లినక్స్ రకమైన ఆర్చ్ వాళ్ల ప్యాకేజీ మేనేజర్ ప్యాక్‌మాన్ వేగం చూస్తే ముచ్చటేస్తుంది. అయితే అప్‌డేట్ మధ్యలో మెషీన్ ఆగితే సున్నా సైజు లైబ్రరీ ఫైళ్లు మిగలడం ఆర్చ్ వాడేవాళ్లు ఎరిగిన బాధే. ఒకేసారి రెండు అప్‌డేట్లు నడవకుండా ఆపే లాక్ ఫైల్‌ను చేత్తో తీసేయాలి. పైగా సిస్టమ్ మొత్తాన్ని అప్‌డేట్ చేయాలి తప్ప, కొన్ని ప్యాకేజీలే మారిస్తే ఆర్చ్ బాధ్యత తీసుకోదు. ఒక్క మంచి గుణం చెప్పాలి. పాత వెర్షన్లను తనంతట తాను చెరిపేయదు, ఇంటర్నెట్ లేకపోయినా వాటికి వెనక్కి వెళ్లొచ్చు. సొంత ల్యాప్‌టాప్‌కి సరే, ల్యాబ్‌కి వద్దంటాను.

మరో లినక్స్ రకమైన ఫెడోరా 2015లో తన పాత ప్యాకేజీ మేనేజర్ యమ్‌ను పక్కనపెట్టి డీఎన్ఎఫ్‌కి మారింది. చేసిన ప్రతి మార్పుకీ అది నంబరు వేసి చరిత్ర రాస్తుంది, నంబరు చెబితే ఆ మార్పును రద్దు చేస్తుంది. విద్యార్థి ఏదో తీసేసి బిక్కమొహం వేసినప్పుడు దీనికి మించిన సాయం లేదు. కాకపోతే పాత వెర్షన్ రిపాజిటరీలో (ప్యాకేజీలు దించుకునే సర్వర్‌లో) ఇంకా ఉంటేనే వెనక్కి తీసుకెళ్లగలదు.

డేటా సంగతి కూడా ఉంది. గుంటూరు బ్రాడీపేటలో ఒక మిత్రుడి ఆఫీసు ఏడు మెషీన్లతో, ఒకే కనెక్షన్ మీద నడుస్తుంది. అక్కడ ఒక పాత కంప్యూటర్‌లో ఆప్ట్ క్యాషర్ పెట్టాం. ఒకరు దించుకున్న ప్యాకేజీ మిగతా ఆరుగురికీ లోపలి నెట్‌వర్క్‌లోనే దొరుకుతుంది. బాగానే సాగుతుండగా ఫైర్‌ఫాక్స్ అడ్డం తిరిగింది. ఉబుంటు 22.04 నుంచి ఆప్ట్‌లో ఫైర్‌ఫాక్స్ అడిగినా వచ్చేది స్నాప్ ప్యాకేజీ, అంటే ఆప్ట్ కాకుండా వేరే ప్రోగ్రామ్ దించే ఇంకో తరహా ప్యాకేజీ. అది మన క్యాషర్ దగ్గర ఆగదు, ఏడు మెషీన్లూ ఏడుసార్లు దించుకోవాల్సిందే. ఆప్ట్ అని టైప్ చేసినవాడికి ఆప్ట్ ప్యాకేజీ ఇవ్వకపోవడం నాకు అస్సలు నచ్చలేదు. ఆ ఏడింటికీ డెబియన్ వేశాం. రాబోయే బ్యాచ్‌కి గవర్నర్‌పేట ల్యాబ్‌లోనూ అదే వేస్తున్నాను, ఈసారి కొత్త బ్యాటరీలు అడిగి మరీ.