సంతోష్ బాబు పేరును ఆ మెసేజ్‌లోంచి తీసేయండి

పది రోజులుగా ఒకటే మెసేజ్. బడి దోస్తుల గ్రూపులో ఒకసారి, కాలనీ గ్రూపులో రెండుసార్లు వచ్చింది. చివరికి మా మేనత్త కూడా పంపింది. "నల్గొండలో ఏసీ చైనీస్ రెస్టారెంట్లకు పోతున్నారా? నూడుల్స్‌కు మైనం పూస్తారు. అజినొమోటో పంది కొవ్వుతో చేసిన విషం. వండేది చైనావాళ్లు, ఏ మాంసం పెడతారో తెలియదు. కల్నల్ సంతోష్ బాబు పుట్టిన గడ్డ మీద చైనా తిండికి వేలు తగలేస్తారా? బిల్లు చూస్తే పట్టపగలు దోపిడీ!" ఇదీ అందులో ఉన్నది. బాపుకు అరవై నిండాయని పోయిన ఆదివారమే ఇంటిల్లిపాదీ అలాంటి చోటికే పోయి వచ్చాం. చదువుతుంటే ఒళ్లు మండిపోయింది.

మైనం ముచ్చట ఒక్క మాటలో తేలిపోతుంది. ఉడికించిన నూడుల్స్ అతుక్కోకుండా నూనె రాస్తారు. అంతే.

ఇక అజినొమోటో, అదే వంటకు రుచి కోసం చల్లే తెల్లటి పొడి. 1908లో జపాన్‌లో కికునాయె ఇకెడా అనే ప్రొఫెసర్ సముద్రపు నాచు ఉడికించిన నీళ్లలోంచి ఆ రుచిని పట్టుకున్నాడు. ఇప్పుడు దాన్ని చెరకు మడ్డి, పిండి పదార్థాలు పులియబెట్టి చేస్తారు. పంది మాటకు మాత్రం ఒక మూలం ఉంది. 2001లో ఇండోనేషియాలో తయారీలో పంది నుంచి తీసిన ఎంజైమ్ వాడారని గొడవై, సరుకంతా వెనక్కి తీసుకున్నారు. అది నిజం. కొవ్వు కాదు, విషమూ కాదు. అది తింటే ఒంట్లో బాగుండదనే భయం 1968లో అమెరికాలో ఒక డాక్టర్ వైద్య పత్రికకు రాసిన ఉత్తరంతో మొదలైంది. ఆయన కూడా అనుమానంగానే రాశాడు, సోయా సాస్‌నూ, ఉప్పునూ కూడా అనుమానించాడు. తిండి లేకుండా మూడు గ్రాములో, అంతకంటే ఎక్కువో తీసుకుంటే కొందరికి కాసేపు తలనొప్పి లాంటివి రావచ్చు. ఒక ప్లేటులో మామూలుగా అర గ్రాము కూడా ఉండదు. అజినొమోటోకు ఆ రుచినిచ్చే గ్లూటమేట్ అనే పదార్థమే మనం రోజూ తినే టమాటాలోనూ ఉంటుంది.

నిజంగా భయపడాల్సింది సోయా సాస్‌కు. ఒక పెద్ద చెంచాలో దాదాపు 900 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. రోజు మొత్తానికి 2000 దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. బాపుకు బీపీ. అందుకే ఆయన ప్లేటుకు సాస్ తగ్గించమని ముందే చెప్పాం. బీపీ ఉన్నవాళ్లకు పనికొచ్చే ఈ ఒక్క మాటా ఆ మెసేజ్‌లో లేదు.

ఇప్పుడు నన్ను అసలు కుదురుగా కూర్చోనివ్వని మాటకు వస్తా. "వండేది చైనావాళ్లు."

ఆ రెస్టారెంట్‌లో వంటగదికి అద్దం గోడ ఉంది. మా టేబుల్ దాని పక్కనే. ఒక కుర్రాడు ఇనుప కడాయిని ఎడమ చేత్తో ఎగరేస్తుంటే మంట మోచేతి దాకా లేస్తోంది. మణికట్టు నుంచి పైదాకా పాత కాలిన మచ్చలు, వాటి మీద కొత్తవి. డార్జిలింగ్ దగ్గర ఊరట. పక్క టేబుల్ నుంచి ఒకడు లేచి అద్దం మీద కొట్టి, "చైనా, చైనా" అని అరిచాడు. వాళ్ల టేబుల్ అంతా నవ్వింది. ఆ కుర్రాడు తలెత్తలేదు, మంట తగ్గించి కడాయి దించాడు. మా చిన్నది "ఆ అన్నను ఎందుకు తిడుతున్నారు?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

డార్జిలింగ్ ఏ దేశంలో ఉందో మెసేజ్ రాసినాయనకు ఎవరు చెప్పాలి? కళ్లు చిన్నగా ఉంటే పరాయివాడా? ఏ మాంసం పెడతారో అంటున్నారు కదా, అక్కడి చికెన్ మన చికెన్ సెంటర్ నుంచే వస్తుంది. మంచూరియా కోసం చైనా అంతా తిరిగినా మన గోబీ మంచూరియా దొరకదు, అది పుట్టింది మన దేశంలో.

ఇక సంతోష్ బాబు గారు. 2020 జూన్ 15న లద్దాఖ్‌లోని గల్వాన్‌లో చైనా సైనికులతో జరిగిన ఘర్షణలో ఆయనతో కలిపి ఇరవై మంది మన సైనికులు ప్రాణాలిచ్చారు. సూర్యాపేట బిడ్డ. జిల్లాలు విడిపోకముందు మనమంతా ఒకే నల్గొండ. మహావీర చక్ర వచ్చిన ఆయన పేరు చెప్పుకుంటే మా ఇంట్లో ఇప్పటికీ గొంతు పూడుకుపోతుంది. ఆయన ఏ దేశం కోసం పోయాడో, ఆ దేశపు పిల్లగాడినే ఆయన పేరు చెప్పి ఏడిపిస్తారా? చైనా ప్రభుత్వం మీద కోపం ఉంటే ఉండనివ్వండి, నాకూ ఉంది. కానీ అది కడాయి ముందు నిలబడి చెమటోడ్చే కుర్రాడి మీద తీర్చుకునేది కాదు. ఎవరి ఫోన్‌లో ఆ మెసేజ్ ఉన్నా ముందు ఆ పేరు తీసేయండి.

చివరిది, దోపిడీ. ఇందులో మెసేజ్ వైపే ఉన్నా. మా బిల్లులో జీఎస్టీ కాకుండా సర్వీస్ చార్జి అని ఇంకో గీత ఉంది. నేనూ చూసుకోకుండా కట్టేశా, ఇంటికొచ్చాక కళ్లు తెరుచుకున్నాయి. అది మన ఇష్టం, వాళ్లు తమంతట తాము వేయకూడదని 2022లోనే వినియోగదారుల అథారిటీ చెప్పింది, 2025లో ఢిల్లీ హైకోర్టు దాన్నే సమర్థించింది. తీసేయమని అడిగితే తీసేయాలి. ఆ ఒక్క ముక్క ఉంచి మిగతాది కొట్టేసి పంపండి, నేనే అన్ని గ్రూపుల్లో పెడతా.