మహారాజశ్రీ వాటర్ బాటిల్ గారికి

అయ్యా,

తమరు ప్రస్తుతం మా వంటింటి సింకు పక్కన బోర్లా పడుకుని ఉన్నారు. మూత ఒకచోట, ఒళ్ళు ఒకచోట, సందుల్లో అనంతగిరి ఎర్రమట్టి. తమ కెపాసిటీ 750 మిల్లీలీటర్లే అని అడుగున అచ్చేసి ఉంది. నా ఆదివారం మొత్తం మాత్రం అందులో పట్టేసింది.

మౌంటెన్ బైక్ రేసు మా ఆవిడది. చల్లగా ఉండాల్సిన బాధ్యత తమది. మధ్యలో నీకేం పనిరా అని మా పెదనాన్న ఫోన్లో అడిగారు. "నీళ్ళందిస్తాను పెదనాన్నా" అన్నాను. ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు. "సరేలే, ఎండలో జాగ్రత్త" అని పెట్టేశారు.

అసలు తమ పలుకుబడి చూస్తే నాకు అసూయ. సైకిల్ బరువు తగ్గించాలని మా ఆవిడ మొన్న సీటు కింది రాడ్డు మార్చింది. 90 గ్రాములు తగ్గిందని రెండు రోజులు పండగ. ఆ 90 గ్రాములకు ఎంతైందో మా అత్తగారికి ఇంకా తెలియదు. తమరు నిండుగా ఎక్కి కూర్చుంటే ముప్పావు కిలో. తమ బరువు గురించి ఇంట్లో ఎవరైనా ఒక్క మాట అన్నారా?

శనివారం రాత్రి తమకు జరిగిన సేవలు గుర్తున్నాయా? ఓఆర్‌ఎస్ ప్యాకెట్ లీటరు నీళ్ళకు. తమరు ముప్పావు లీటరు. ప్యాకెట్‌లో పావు వంతు కంటితో కొలిచి తీసి పక్కన పెట్టాను, బంగారం తూచినట్టు. లీటరుకు పదమూడున్నర గ్రాముల గ్లూకోజు, 2.6 గ్రాముల ఉప్పు. విరేచనాలైన మనిషికి అది చాలు. కొండెక్కే మనిషికి చాలదట, గంటకు 60 గ్రాముల దాకా పిండిపదార్థం పడాలట. సరేనని పంచదార కలిపాను. పోనీ ఉత్త నీళ్ళిద్దామా అంటే, అవే తెగ తాగితే రక్తంలో సోడియం పలచబడి అదో ప్రమాదం. మా అత్తగారు మాత్రం ఈ లెక్కలేవీ ఒప్పుకోలేదు. "బాబూ, కాసిని సబ్జా గింజలు వెయ్యండి, చలవ" అన్నారు. వేశాను. ఆ గింజలు తమ ముక్కులో అడ్డం పడి, రెండో ల్యాపులో మా ఆవిడ ఎంత పీల్చినా చుక్క రాలేదన్న సంగతి అత్తగారికి నేను చెప్పలేదు. తమరూ చెప్పకండి.

ఇంకో ఘనకార్యం. నీళ్ళు చల్లగా ఉండాలని తమ తోబుట్టువును నిండా నింపి ఫ్రీజర్లో పెట్టాను. పొద్దున్నకు రాయి అయింది. మా ఆవిడ మొదటి ల్యాపంతా నొక్కితే వచ్చింది రెండు గుటకలు, అదీ పాకంలా. చిన్నప్పుడు పుల్లైసు పీల్చేవాళ్ళం గుర్తుందా? తీపీ రంగూ ముందే నోట్లోకి వచ్చేసి, చివరికి తెల్లటి ఐసు పుల్లకు వేలాడేది. ఇదీ అదే లీల. గడ్డ కట్టేది నీళ్ళు. ఉప్పు, పంచదార వాటికి చిక్కకుండా విడిగా కూడి ముందు కారతాయి. సగం బాటిలే గడ్డ కట్టించి, పైన చల్లటి నీళ్ళు పోసుకోవాలట. ఈ ముక్క నాకు పక్కన నిలబడ్డ ఇంకో మొగుడు చెప్పాడు. ఆయనది మూడో సీజను.

పొద్దున మూడింటికి లేచి, ఐస్ పెట్టె మోసుకుని, హైదరాబాద్ నుంచి 70 కిలోమీటర్ల పైన ప్రయాణం. అనంతగిరి ఒకప్పుడు టీబీ రోగులను గాలి మార్పుకు తెచ్చిన కొండ. ఇప్పుడు నిక్షేపంలా ఉన్నవాళ్ళు డబ్బు కట్టి వచ్చి రొప్పుతున్నారు. ఏడింటికి మొదలవ్వాల్సిన రేసు, ముఖ్య అతిథి గారు జెండా ఊపడానికి వచ్చేసరికి తొమ్మిదైంది. ఏప్రిల్ నెల తొమ్మిది గంటలు అయ్యా! ఆయన శాలువా కప్పించుకుని, జెండా ఊపి, ఏసీ కారెక్కి వెళ్ళిపోయారు. ఎండ మాత్రం ఉండిపోయింది.

నీళ్ళందించే చోటును ఫీడ్ జోన్ అంటారు. నేను చలివేంద్రం అనుకున్నాను. చలివేంద్రంలో దాహమైనవాడు ఆగుతాడు, తాగుతాడు, చల్లగా ఉండు నాయనా అని వెళ్తాడు. ఇక్కడ ఎవరూ ఆగరు. చెయ్యి చాపి, తమను మెడ దగ్గర వేళ్ళ కొసలతో, జారిపోయేంత వదులుగా పట్టుకోవాలి. గట్టిగా పట్టుకుంటే సైకిలు, మనిషి, తమరు, నేను, నలుగురం ఒకే గుంటలో. అందిస్తూ పక్కన పరిగెత్తకూడదు. నీళ్ళు మనం చల్లకూడదు కూడా. ఒకసారి చెంబెత్తానో లేదో మార్షల్ కుర్రాడు విజిల్ ఊదాడు, పెళ్ళిలో వడ్డన ఆపినట్టు. కావాలంటే ఆవిడే తమను తీసుకుని నెత్తిన గుమ్మరించుకోవాలి. అందుకే తమరికి నా కన్నా హోదా ఎక్కువ.

గుమ్మరించుకోవడం సోకు కాదని ఆ రోజే తెలిసింది. రోడ్డు మీద సైకిలైతే గాలి తగిలి చెమట ఆరుతుంది, ఒళ్ళు చల్లబడుతుంది. ఈ రాళ్ళ ఎక్కుడులో వేగం గంటకు ఆరేడు కిలోమీటర్లు. గాలి ఉండదు, వేడి మాత్రం ఇంజన్లా పుడుతూనే ఉంటుంది. మూడో సీజను మొగుడైతే పాత నైలాను మేజోళ్ళలో ఐసు ముక్కలు కట్టి తెచ్చాడు. వాళ్ళావిడ వాటిని మెడ వెనక జెర్సీలోకి తోసుకుని వెళ్ళింది. నాకు తెలిసి మేజోళ్ళకు అంతకు మించిన గౌరవం దక్కలేదు.

నాలుగో ల్యాపులో ఓ కుర్రాడు సైకిల్ దిగి చెట్టు కింద కూలబడ్డాడు. పేరేంటి బాబూ అంటే సైకిల్ కంపెనీ పేరు చెప్పాడు. ముందు నవ్వొచ్చింది, వెంటనే భయమేసింది. మాట తడబడిందంటే వేడి తలకెక్కిందని. అంబులెన్స్ వచ్చేలోపు చల్లబరచడమే పని అని మూడో సీజను మొగుడు కేకేశాడు. నా పెట్టెలో ఐసంతా వాడి మెడకీ చంకలకీ పోయింది. తడి తువాలు కప్పి, రేసు బోర్డు విరిచి విసనకర్రలా విసిరాం. కాసేపటికి తన పేరు చెప్పాడు, ఊరు కూడా చెప్పాడు, వాళ్ళమ్మకు ఫోన్ చెయ్యొద్దన్నాడు.

అందువల్ల చివరి ల్యాపుకు తమరు గోరువెచ్చగా బయల్దేరారు. ఒక గుక్క తాగి మా ఆవిడ నా వైపు చూసిన చూపు తమరూ చూశారు. "టీ పెట్టారా ఏంటి?" అని అరిచి, తమను తుప్పల్లోకి విసిరేసింది. రేసయ్యాక ఆ ముళ్ళల్లో దూరి వెతికింది నేనే, ఏడొందల రూపాయల మనిషి కదా తమరు.

లెక్క వేశాను. నా చేతి నుంచి ఆవిడ చేతికి తమరు మారడానికి రెండు సెకన్లు. నాలుగు సార్లు. మూడింటికి లేచినందుకు నా ఉద్యోగం మొత్తం ఎనిమిది సెకన్లు.

నలుగురు ఆడవాళ్ళలో మూడో స్థానం వచ్చింది. ఇందాకే ఫొటోలు వచ్చాయి. ఒకదానిలో మా ఆవిడ, దుమ్ము, సైకిలు, మధ్యలో మెరుస్తూ తమరు. నేనూ ఉన్నాను, మణికట్టు దాకా. మా అత్తగారు దాన్ని ఫ్రేము కట్టిస్తానంటున్నారు.

ఇట్లు,
ఆ మణికట్టు