‘గోనె’ గన్నీకి బిడ్డ కాదు, తల్లి

ఈమధ్య మన నల్గొండ, మహబూబ్‌నగర్ వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ బాగా తిరుగుతోంది. అందులో ఉన్నదిది: ‘గోనె’ తెలుగు మాట కాదు, ఇంగ్లీషు ‘గన్నీ’ని పల్లెటూరి వాళ్ళు సరిగ్గా పలకలేక చేసుకున్న మాట. కలకత్తా మిల్లులు రాకముందు మన దగ్గర సంచే లేదు, వడ్లన్నీ గుమ్ముల్లో, పాతర్లలో ఉండేవి. గోనె, పెరిక, బస్తా, బార్దాన్ అన్నీ ఒకటే. ప్లాస్టిక్ సంచులు వచ్చాక ఆ మోటు మాటతో ఇక పనిలేదు.

చదువుకున్న వాళ్ళు కూడా దీన్ని నమ్మి నలుగురికి పంపుతున్నారు. మన తాతల నోట్లో నలిగిన మాటను అప్పు తెచ్చుకున్న మాట అంటే నాకు కష్టంగానే ఉంది. అందుకే ఒక్కొక్కటీ తీసుకుని జవాబు రాస్తున్నాను.

ముందుగా గన్నీ సంగతి. జరిగింది పూర్తిగా తలకిందులు. సంస్కృతంలో ‘గోణీ’ అంటే ధాన్యం పోసే సంచి. క్రీస్తుకు కొన్ని వందల ఏళ్ళ ముందటి పాణిని వ్యాకరణం అష్టాధ్యాయిలోనే ఈ మాట ఉంది. గింజలు పోసుకునే సంచి అనే అర్థంలో ‘గోణీ’ అనే రూపం వస్తుందని నాలుగో అధ్యాయంలో సూత్రం చెప్తుంది. అప్పటికి ఇంగ్లీషు భాషే పుట్టలేదు. కన్నడంలో గోణి, తమిళంలో కోణి, మరాఠీలో గోణ, మనకు గోనె. నారాయణపేట, మక్తల్ వైపు కన్నడం మాట్లాడే ఇళ్ళల్లో అడిగితే ‘గోణిచీల’ అంటారు. ఇంతమందీ ఒకేసారి ఇంగ్లీషు మాటను ఒకే తీరుగా తప్పు పలికారంటే నమ్మేదెట్లా? భారతదేశంలో ఇంగ్లీషువాళ్ళు వాడిన మాటల మీద 1886లో వచ్చిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు కూడా గన్నీకి మూలం గోణీ అనే చెప్పింది. అంటే వాళ్ళే ఒప్పుకున్న విషయాన్ని మనం కాదంటున్నాం!

మరొకటి చూడండి. ఇంగ్లీషు గన్నీ కూడా మన దగ్గరికి వచ్చింది, కానీ గన్నీగానే వచ్చింది. వడ్ల కొనుగోలు కేంద్రానికి పోతే ‘గన్నీ సంచులు ఇంకా రాలేదు’ అనే మాట వినపడుతుంది. మిర్యాలగూడ రైస్ మిల్లుల్లోనూ అంతే. దాన్ని ఎవరూ గోనె అని వంకర తిప్పలేదు. ఇంటి మాట ఇంట్లోనే ఉంది, మిల్లు మాట మిల్లులో ఉంది.

ఇక మిల్లులు రాకముందు సంచే లేదన్న మాట. కలకత్తా దగ్గర రిష్రాలో మొదటి జనపనార మిల్లు 1855లో మొదలైంది, నిజమే. కానీ మిల్లు వేరు, సంచి వేరు. అంతకు ముందు గోనెపట్టను చేత్తో నేసేవాళ్ళు. బెంగాల్‌లో జనపనారతో నేస్తే, దక్కనులో జనుము నార, గోగు నార ఉండేవి. మనం ఇప్పుడు ‘జనపనార’ అనేది బెంగాల్ జూట్‌నే అయినా, ఆ పేరు మాత్రం మన చేలలో వేసే జనుముది. ఈ నేలలో నార తీసిన చెట్టు పేరే కొత్తగా వచ్చిన నారకు పెట్టుకున్నారు.

గుమ్ములు, పాతర్లు ఉన్నమాట వాస్తవం. అవి నిల్వకు. గుమ్మిని ఎత్తుకుని సంతకు పోలేరు కదా? తెలంగాణకు సముద్రం లేదు. మన పూర్వికులు తిన్న ఉప్పు చాలావరకు కోస్తా నుంచి ఎడ్ల మీద వచ్చిందే. దేవరకొండ ప్రాంతంలో ఇప్పుడు తండాలు కట్టుకుని ఉన్న లంబాడీల పూర్వికుల బతుకు ఆ మోతే. 17వ శతాబ్దంలో గోల్కొండ రాజ్యంలోనూ తిరిగిన ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియే, ధాన్యమో ఉప్పో మోస్తూ పదివేలు, పన్నెండు వేల ఎడ్లు ఒక్కటిగా కదిలే బిడారుల గురించి రాశాడు. అన్ని ఎడ్ల మీద సరుకు సంచులు లేకుండా ఎట్లా పోయింది?

ఇక్కడే పెరిక సంగతి చెప్పాలి. పెరిక అంటే ఉత్త సంచి కాదు. ఎద్దు వీపు మీద అటూ ఇటూ సమంగా వేలాడేట్టు వేసే జంట సంచి. గోనె దాన్ని కుట్టే ముతక బట్ట పేరు, ఆ బట్టతో చేసిన సంచికీ పేరు. గోనెసంచులు నేసి, ఎడ్ల మీద సరుకు తోలిన వృత్తి నుంచి ఒక కులానికే పెరిక అనే పేరు నిలిచింది. వాళ్ళు మన జిల్లాల్లో మన మధ్యే ఉన్నారు. ఆ మాటను మోటు అనడం ఆ పనిని చిన్నచేయడమే. బస్తా పారసీ మాట, కట్టింది అని అర్థం. లెక్కకు వాడతాం: పది బస్తాలు పండాయి అంటాం, పది గోనెలు పండాయి అనం. బార్దాన్ కూడా పారసీదే, బరువు పట్టేది అని. సూర్యాపేట మార్కెట్లో తూకం దగ్గర సంచి బరువు తీసేసేటప్పుడు ఆ మాట వస్తుంది. నాలుగూ నాలుగు పనులు చేస్తున్నాయి.

గోనె అంటే సంచే అనుకునే వాళ్ళు తెలుగు బైబిలు చూడండి. దుఃఖంలో ‘గోనెపట్ట’ కట్టుకోవడం అందులో ఎన్నోచోట్ల ఉంది. అక్కడి గోనె మేకవెంట్రుకలతో నేసింది, నారది కాదు. ముతకగా, ఒంటికి గరుకుగా ఉండే బట్ట అన్నదే ఆ మాటకు అసలు ప్రాణం. అందుకే సంచిని విప్పి పరిచి మిరపకాయలు ఎండబోసినా గోనెపట్టే, వాన పడితే ఒక మూలను రెండో మూలలోకి దోపి తలమీద ముసుగులా కొప్పెర వేసుకున్నా గోనెసంచే.

ప్లాస్టిక్ వచ్చాక గోనెతో పనిలేదన్నది ఊళ్ళో ఒక్క పూట ఉన్నా అనలేని మాట. ఆహారధాన్యాలకు జనపనార సంచులు వాడాలని 1987లో చట్టమే చేశారు. కొనుగోలు కేంద్రంలో వడ్లకు 17 శాతం దాకా తేమ ఒప్పుకుంటారు. అట్లాంటి వడ్లకు గాలి ఆడే సంచి కావాలి. ప్లాస్టిక్ సంచుల్ని ఎత్తుగా పేరిస్తే జారిపోతాయి. హమాలీ కొక్కెం వేసి లాగితే ప్లాస్టిక్ చిరుగుతుంది, గోనె నార మళ్ళీ దగ్గరికొస్తుంది. చిరిగినా దబ్బనం, సుతిలి ఉంటే చాలు, ఇంట్లోనే కుట్టుకుంటారు. రేషన్ దుకాణాల్లో ఖాళీ అయిన సంచుల్ని తిరిగి పోగుచేసి వడ్లకు వాడుతున్నది అందుకే. అవి అందక కోసిన వడ్లు కల్లంలోనే ఉంటే, మబ్బు పట్టిన రోజున రైతుకు ఎంత టెన్షనో ఆ మెసేజ్ రాసినాయన ఒకసారి వచ్చి చూడాలి.