కుట్టు మిషనుకి ఉత్తమ సహాయనటి అవార్డు

నంది అవార్డులు ఆగిపోయి చాలా ఏళ్లయింది కాబట్టి ఈ విన్నపం గద్దర్ అవార్డుల కమిటీవారికి. తెలుగు సినిమాలో మొగుడు వదిలేసిన ప్రతి ఇల్లాలి పక్కనా నిలబడి, దశాబ్దాలుగా పైసా పారితోషికం అడగకుండా, చెప్పిన టైముకి షూటింగుకి వచ్చి నటిస్తున్న కుట్టు మిషనుకి ఈసారైనా ఉత్తమ సహాయనటి అవార్డు ప్రకటించండి.

మొన్న ఓటీటీలో ఒక 'ఒంటరి తల్లి పోరాట గాథ' చూశాం. పేరు చెప్పను. వేరే వేరే పేర్లతో మీరు దాన్ని చాలాసార్లు చూసే ఉంటారు. మొగుడు సూట్‌కేసు పట్టుకుని గడప దాటాడు. మరుసటి షాట్‌లో వసారాలో మిషను ఉంది. ఎవరు కొన్నారు, ఏ డబ్బుతో కొన్నారు అని అడక్కూడదు. ఆవిడ డిగ్రీ చదివిందని అంతకుముందే ఒక డైలాగులో చెప్పారు. ఆ డిగ్రీ కూడా మొగుడి సూట్‌కేసులోనే వెళ్లిపోయినట్టుంది.

ఇక అసలు ఘట్టం. రాత్రి, జోరు వాన, కరెంటు లేదు. దీపం వెలుగులో అమ్మ తొక్కుతోంది. పక్కన చాప మీద బాబు ఎక్కాలు వల్లిస్తున్నాడు. సూది వేలికి దిగింది. నెత్తుటి చుక్క సరిగ్గా బాబు ప్రోగ్రెస్ కార్డు మీద, అదీ ఫస్ట్ ర్యాంకు అని రాసిన చోటే పడింది. అమ్మ ఏడవలేదు, పాట ఏడ్చింది. చక్రం మీద క్లోజప్. చక్రం తిరిగి ఆగేసరికి బాబుకి ఆరడుగుల ఎత్తు, గడ్డం, జిమ్ బాడీ వచ్చేశాయి. అమ్మకి చెవి పక్కన రెండు పాయలు మాత్రం సున్నం రాసినట్టు తెల్లబడ్డాయి. ఇన్నేళ్లలో చీర మారలేదు. మిషను మీదున్న గుడ్డ కూడా మారలేదు, ఇంకా అదే జాకెట్టు కుడుతోంది!

ఈ సీను మా వీధి చివర జాకెట్లు కుట్టే ఆవిడకి ఫోన్లో చూపించాను. కన్నీళ్లు పెట్టుకుంటుందనుకుంటే ప్రశ్నలు మొదలుపెట్టింది. "ఆది జాకెట్టు ఏదండీ? చూడకుండానే కుట్టేస్తోందా? బాబిన్‌లో దారం అయిపోదా? లైనింగ్ గుడ్డ తడిపి ఆరేసిందా లేదా? తడపకపోతే ఒక్క ఉతుక్కే ముడుచుకుపోయి మొహాన కొడతారు. అయినా వరలక్ష్మీ వ్రతం రేపనగా ఇవాళ గుడ్డ ఇచ్చి సాయంత్రానికి కావాలనే మనిషి ఒక్కరూ రారేం? చంక దగ్గర పట్టేసిందని వెనక్కి తెచ్చేవాళ్లు లేరా? అదృష్టవంతురాలు."

లెక్క కూడా ఆవిడే వేసింది. లైనింగ్ జాకెట్టుకి 400 అనుకున్నా, బాబు ఇంజినీరింగ్ ఫీజు ఏడాదికి లక్షకి 250 జాకెట్లు. దారం, హుక్కులు, అద్దె, బియ్యం అన్నీ మానేస్తేనే ఆ లెక్క. బాబు బుల్లెట్ బండి వేసుకుని కాలేజీలో ఎంట్రీ ఇచ్చేసరికి ఆవిడ లెక్క మానేసి పనిలో పడింది.

కష్టం చూపించొద్దని కాదు. 1957లో మెహబూబ్ ఖాన్ 'మదర్ ఇండియా' తీశాడు, 1971లో దాన్నే మనవాళ్లు జమునతో 'బంగారు తల్లి'గా తీశారు. అందులో తల్లి కష్టానికి కారణం తెరమీద కనిపిస్తుంది: అప్పు, వడ్డీ, పోయిన పంట. చివరికి కన్నకొడుకునే తుపాకీతో కాల్చే తల్లి ఆవిడ. ఇప్పటి తల్లికి కారణం అక్కర్లేదు, దగ్గు చాలు.

దగ్గు ఎలాగూ వస్తుంది. ఆస్పత్రి రిపోర్టు బియ్యం డబ్బాలో చేరుతుంది. ఆ డబ్బాలో ఉన్న రిపోర్టు బయటపడేది క్లైమాక్సులోనే. అన్నాళ్లూ ఆ ఇంట్లో బియ్యం ఎవరు తీస్తున్నారో దర్శకుడికే తెలియాలి.

రెండున్నర గంటల సినిమాలో ఒక్క ఆఫీసు కౌంటరూ లేదు. స్కూల్లో 'తండ్రి పేరు' గడి దగ్గర పెన్ను ఆగిన తల్లి లేదు. పెళ్లికాని తల్లి బిడ్డ తండ్రి పేరు చెప్పకుండానే గార్డియన్ కావచ్చని సుప్రీంకోర్టు చెప్పింది 2015లో. పాస్‌పోర్టు దరఖాస్తుకి తల్లిదండ్రుల్లో ఒక్కరి పేరు చాలని కేంద్రం ప్రకటించింది 2016 డిసెంబరులో. భర్త చనిపోయి మళ్లీ పెళ్లి చేసుకున్న ఒక తల్లి, తన బిడ్డకి ఏ ఇంటిపేరు పెట్టుకోవాలన్న హక్కు కోసం ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో ఓడి, సుప్రీం దాకా వెళ్లి గెలిచింది 2022లో. రెండో భర్తని కాగితాల్లో సవతి తండ్రిగా రాయాలన్న ఆదేశం దాదాపు క్రూరమని ఆ తీర్పులోనే ఉంది. ఇన్ని తీర్పులొచ్చాక కూడా గుమస్తా తలెత్తకుండా "ఆయన్ని తీసుకురండమ్మా" అంటాడు. ఏ ఆయన్ని తీసుకురావాలి? ఎక్కడున్నాడని తీసుకురావాలి? మనోవర్తి వేయమని కోర్టు చెప్పినా వేయకుండా, వాయిదాకి రాకుండా, ఫోన్ నంబరు మార్చేసినవాణ్నా? ఇది తీయండయ్యా సినిమా! దీనికి వాన ఖర్చు కూడా ఉండదు.

తీయరు. ఎందుకంటే ఆయన క్లైమాక్సుకి కావాలి. నల్లకారులో దిగుతాడు, చేతికర్ర, కళ్లద్దాలు. "నన్ను క్షమించు లక్ష్మీ" అంటాడు. అంతే, ఆవిడ పరుగెత్తుకెళ్లి కాళ్లమీద పడుతుంది! తప్పు చేసినవాడి కాళ్లమీద! పెంచిన ఇన్నేళ్ల ఖర్చు అడగాల్సిన మనిషి, ఆయన చేత్తో బొట్టు పెట్టించుకుని ముత్తైదువుగా కన్నుమూస్తుంది. మా పిన్ని "పుణ్యాత్మురాలు" అంటూ కళ్లు తుడుచుకుంది. నాకైతే టీవీ మీదకి రిమోట్ విసిరేయాలనిపించింది.

అదే పిల్లని తండ్రి ఒక్కడే పెంచుతుంటే? 2023లో 'హాయ్ నాన్న' చూశాం కదా. అందులో నాని ముంబైలో ఫొటోగ్రాఫర్. ఆయనకి చక్కటి ఇల్లు, ప్రేమకథ, మృణాల్ ఠాకూర్ అన్నీ ఉన్నాయి. ఉండనీయండి, నాకేం అభ్యంతరం లేదు. మన లక్ష్మికి మాత్రం సాయంచేసే మగాడు ఒక్కడే ఉంటాడు, పక్కింటి ఆటో డ్రైవరు. మంచివాడు, పెళ్లికానివాడు, వేళకి మందులు తెచ్చేవాడు. ప్రేక్షకులకి ఎక్కడ ఆశ పుడుతుందోనని కాబోలు, మొదటి సీన్లో గేటు తీస్తూనే అరిచి చెబుతాడు: "చెల్లెమ్మా, బాగున్నావా?"