లెక్కల మాస్టారి సిమెంటు బాట

తణుకులో మా అక్కావాళ్లింటి గేటుకీ వరండాకీ మధ్య ఇరవై అడుగుల మట్టినేల. వానొస్తే చెప్పులు బురదకి సమర్పించుకుని లోపలికి రావాల్సిందే. మేస్త్రీ వచ్చి చూసి, సరుకు కాక కూలీయే నాలుగు వేలన్నాడు. మా బావగారు లెక్కల మాస్టారు. "ఇసుక, సిమెంటు కలపడానికి నాలుగు వేలా!" అని అతన్ని సాగనంపి, ఆదివారం పొద్దున్నే నాకు ఫోన్ చేశారు. "టిఫినుకి రారా బామ్మర్దీ, పెసరట్లు."

పెసరట్ల మాట నిజమే. వాటి పక్కనే పార, గమేళా కూడా ఉన్నాయి.

బావగారు పలక మీద లెక్క కట్టారు. పొడవు 20 అడుగులు, వెడల్పు 3, మందం నాలుగంగుళాలు అంటే 0.4 అడుగు. మొత్తం 24 ఘనపుటడుగులు. "నాన్నా, అడుగుకి పన్నెండంగుళాలు కదా, నాలుగంటే మూడో వంతేగా? 20 చాలు" అంది పదో క్లాసు చదివే మేనకోడలు. పెద్దవాళ్ల మాటల్లో తలదూర్చిందని దాన్ని ట్యూషనుకి తోలేశారు.

ఒక పాలు సిమెంటు, రెండు ఇసుక, నాలుగు కంకర. బస్తాకి పాతిక లీటర్ల నీళ్లు చాలట. కానీ అలా కలిపితే పార కదిలితే ఒట్టు. నీళ్లెక్కువైతే కాంక్రీటు బలం తగ్గుతుందని బావగారు పాఠం చెబుతూనే ఉన్నారు. ఆయన అటు తిరిగినప్పుడల్లా నేనో చెంబుడు పోస్తూనే ఉన్నాను. నా నడుం బలం నాకు ముఖ్యం.

కుక్కలు రాకుండా గేటుకి గడియ వేసి, వరండా వైపు నుంచి పోసుకుంటూ వచ్చాం. తవ్విన గాడి నిండింది. మాలు మాత్రం నాలుగు ఘనపుటడుగులు మిగిలింది. "పారేస్తామా ఏంటి? స్కూటరు ఎక్కి దిగే చోటు, గట్టిగా ఉండాలి" అని బావగారు అదంతా గేటు దగ్గరే పోయించి, తాపీతో అద్దంలా నునుపు చేశారు. ఆ పనితనాన్ని మాత్రం మెచ్చుకోవాలి. గేటు కిందున్న రెండంగుళాల సందులోకి కూడా మాలు దూరి చక్కగా సర్దుకుంది.

నడుం పట్టేసి నేను అక్కడే పడుకుండిపోయాను. తెల్లారాక చూస్తే పాలబ్బాయి బయట, గిన్నె లోపల. లోపలికి తెరుచుకునే గేటు అంగుళం కదిలితేనా! స్కూలుకి టైమవుతోందని టెన్షన్ పడి, బావగారు ప్యాంటు మడిచి, క్యారేజీ నా చేతికిచ్చి గోడెక్కారు.

"ఏంటి మాస్టారూ, తాళంచెవి పోయిందా?" అంది ఎదురింటావిడ.

"కాదమ్మా, వ్యాయామం" అన్నారు గోడమీంచే.

మధ్యాహ్నం అక్క బాట తడపడానికి గొట్టం పెట్టింది. కనీసం వారం తడపాలి కదా. నీళ్లు గేటు దగ్గరి గుట్ట దిగి, బాట వెంట నెమ్మదిగా నడిచి, చెప్పుల స్టాండు కిందుగా వరండాలోకి వచ్చేశాయి. వాటం వీధి వైపు పోయి ఇంటి వైపు కుదిరింది.

సాయంత్రం మేస్త్రీ గోడవతల నిలబడి గేటుని, బాటని, బావగారిని వరసగా చూశాడు.

"పగలగొట్టడానికి ఆరు వేలవుద్దండీ."

"పోయడానికి నాలుగు, పగలగొట్టడానికి ఆరా!"

"పోసేటప్పుడు మెత్తగా ఉంటది కదండీ."

బావగారు పలక అందుకోబోయారు. అక్క అది లాక్కుంది. "ఆగండి. పిల్లని ట్యూషన్ నుంచి రానివ్వండి."