స్కేలు సున్నా దగ్గర మొదలుకానప్పుడు

గ్రామీణ ప్రాంతాల్లోని 14 నుంచి 18 ఏళ్ల వారిని పరీక్షించి, విద్యారంగంలో పనిచేసే ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ 2024 జనవరిలో విడుదల చేసిన 'అసర్ 2023' నివేదికలో స్కేలుకు సంబంధించిన ఒక ప్రశ్న ఉంది. వస్తువు అంచు సున్నా గీతపై ఉన్నప్పుడు దాదాపు 85 శాతం మంది పొడవు సరిగ్గా చెప్పగలిగారు. వస్తువును సున్నా నుంచి పక్కకు జరిపేసరికి సరైన జవాబు చెప్పినవారు 39 శాతానికి పడిపోయారు.

పెన్సిలు 3 దగ్గర మొదలై 8 దగ్గర ముగిసిందనుకుందాం. కొందరు చివరి అంకెను చదివి 8 అంటారు, మరికొందరు గీతలను లెక్కపెట్టి 6 అంటారు. లెక్కించాల్సింది గీతలను కాదు, వాటి మధ్య ఖాళీలను అన్న సంగతి తట్టినవారికే 5 వస్తుంది. నిజానికి ఇది 'ఎక్స్ + 3 = 8' అన్న సమీకరణమే. దాన్ని నల్లబల్లపై రాసిస్తే 'మూడు అటు వెళ్తే మైనస్ అవుతుంది' అంటూ చకచకా చేసే విద్యార్థే స్కేలు ముందు తడబడుతున్నాడంటే, అతనికి అబ్బింది గుర్తు మార్చే పద్ధతే తప్ప ఆ ఎక్స్ ఒక పొడవన్న ఎరుక కాదు. కొలతలు ఒక పాఠంగా, సామాన్య సమీకరణాలు మరో పాఠంగా విడివిడిగా సాగడమే ఇందుకు ప్రధాన కారణమని నా అభిప్రాయం.

భూమి లెక్కల్లో ఈ లోపం మరింత స్పష్టంగా బయటపడుతుంది. ఎకరం 4,840 చదరపు గజాలు. తెలంగాణలో దాన్ని 40 గుంటలుగా, ఆంధ్రప్రదేశ్‌లో 100 సెంట్లుగా లెక్కిస్తారు కాబట్టి గుంట 121 చదరపు గజాలు, సెంటు 48.4 చదరపు గజాలు అవుతాయి, అంటే ఒక గుంట రెండున్నర సెంట్లు. దీన్ని సమీకరణంగా రాయమంటే చాలామంది 'గ = 2.5 స' అని రాసేస్తారు. గ అంటే గుంట, స అంటే సెంటు అనుకుంటే అది సరైనట్టే కనిపిస్తుంది. కానీ బీజగణితంలో అక్షరం ప్రమాణానికి పొట్టిపేరు కాదు, ఎన్ని గుంటలు, ఎన్ని సెంట్లు అని చెప్పే సంఖ్య. ఆ సమీకరణం ప్రకారం 10 గుంటల పొలం 4 సెంట్లే అవుతుంది, ఉండాల్సింది 25. (స్థలాలు అమ్మిపెట్టే బ్రోకరు ఈ పొరపాటు చేయడు, చేస్తే నష్టం చేతికి తెలుస్తుంది.) సరైన సమీకరణం 'స = 2.5 గ'.

దీనికి తోడు, ప్రశ్నలో 'ఎక్కువ' అని ఉంటే కూడాలి, 'తక్కువ' అని ఉంటే తీసివేయాలి అనే అడ్డదారి ఒకటి తరగతుల్లో వాడుకలో ఉంది. 'రాజు తాడు 12 మీటర్లు, అది లత తాడు కంటే 4 మీటర్లు ఎక్కువ, లత తాడు ఎంత?' అన్న లెక్కకు ఈ దారిలో 16 వస్తుంది. తాడు బొమ్మ గీసుకున్నా, 'ఎక్స్ + 4 = 12' అని రాసుకున్నా 8 వస్తుంది. సిలబస్ ఒత్తిడిలో బొమ్మలకు తీరిక ఎక్కడిదని ఉపాధ్యాయులు అడగవచ్చు, ఆ ఇబ్బంది నిజమే. అయితే మార్కుల పంపకం మార్చడానికి అదనపు పీరియడు అక్కర్లేదు. 'ఎక్స్ = లత తాడు పొడవు, మీటర్లలో' అన్న మొదటి వాక్యానికి ఒక మార్కు, వచ్చిన జవాబును తిరిగి ప్రశ్నలో పెట్టి సరిచూసినందుకు మరో మార్కు కేటాయిస్తే, పరీక్ష కోసమైనా పిల్లలు ఆ రెండు పనులూ చేస్తారు.