తోక దించుకున్న మెర్క్యురీ గారికి

మహారాజశ్రీ మెర్క్యురీ కారు గారి దివ్య సముఖమునకు,

ఉభయకుశలోపరి. మొన్న ఆదివారం శాక్రమెంటోలో పాత కార్ల ప్రదర్శనలో తమ దర్శనభాగ్యం కలిగింది. ఊరి నుంచి వచ్చిన మా నాన్నగారు తమరిని చూడగానే, "పాపం, వెనక టైర్లలో గాలి పోయినట్టుందిరా!" అన్నారు. వంగి చూశాను. తమ పొట్టకూ నేలకూ మధ్య నా చెప్పు పట్టేంత సందు ఉంది, అంతే. వెనక చక్రాలేమో రేకు పరదా చాటున ఘోషా పాటిస్తున్నాయి.

మావాళ్లు కొత్త కారు కొంటే సీటు మీది ప్లాస్టిక్ కవరు ఏడాది దాకా తీయరు. లాస్ ఏంజెలెస్‌లో కార్ల రూపురేఖలు మార్చే శామ్ బారిస్ మాత్రం 1949 మోడల్ మెర్క్యురీ తెచ్చుకుని, ఎత్తు తగ్గించడానికి నిక్షేపంలాంటి దాని పైకప్పును రంపంతో కోసేశాడు. తర్వాత బారిస్ అన్నదమ్ముల దుకాణంలో హిరోహాతా అనే ఆసామి కోసం తయారైన 1951 మెర్క్యురీకి ముందు 4 అంగుళాలు, వెనక 7 అంగుళాలు కోత. ఆ లెక్కలోనే ఉంది కిటుకంతా. వెనక ఎక్కువ తగ్గడంతో కప్పు నుదుటి దగ్గర మొదలై తోక దాకా ఒక్క జారుగా జారిపోతుంది. లోపల కూర్చున్నవాడికి ట్రాఫిక్ దీపం కనబడాలంటే మెడ వంచక తప్పదు. అయినా తమరిని ఎక్కేది దారి చూడటానికా, చూపించుకోవడానికి గానీ!

తలుపు పిడులు పీకేశారు. కంపెనీ పేరు చెరిపేశారు. ఆ చిల్లుల్లో సీసం కరిగించి పోసి, చెక్కతెడ్డుతో మెత్తి, ఆకురాయితో నునుపు చేశారు. బిల్లు కట్టింది తీసేసినవాటికే. శామ్ తమ్ముడు జార్జి అయితే ఇలా మలిచిన బండిని పిలిచే 'కస్టమ్' అన్న మాటను ఇంగ్లీషులో 'సి' తీసేసి 'కె'తో రాసి మురిసిపోయాడు. తెలుగులో రాస్తే రెండూ ఒకటే. ఆ సరదా మా లిపి ముందు చెల్లలేదు.

అసలు అందం తమరు నిలబడిన తీరులో ఉందని నాన్నగారికి ఎలా చెప్పను? పందెం కుర్రాళ్ల హాట్ రాడ్ ముక్కు నేలకు పెట్టి, పిరుదులెత్తి ఉరుకుతుంది. తమరు ముక్కెత్తి, వెనక భాగం దించి, వీధిలో తాపీగా సాగుతారు. ఇదే శాక్రమెంటోలో కార్లు మలిచే హ్యారీ వెస్టర్‌గార్డ్ రెండో ప్రపంచయుద్ధానికి ముందే ఈ ఒడుపు పట్టాడు. జార్జి కుర్రతనంలో చూసి నేర్చుకున్నది ఆయన దగ్గరే. కమాన్ పట్టీల వంపు తగ్గించి, ఇరుసు తగలకుండా ఛాసిస్‌ను అర్ధచంద్రాకారంలో కోసి దించేవారు. అంత డబ్బు లేనివాడు డిక్కీలో సిమెంటు బస్తా వేసుకునేవాడు. ఇప్పటివాళ్లు గాలితిత్తులు బిగించి, మీట నొక్కి, బండిని మొత్తంగా నేలకు ఆనిస్తున్నారు. వాటిని చూస్తే బురదలో పడుకున్న గేదె గుర్తొస్తుంది. తమరు దూకబోయే ముందు వెనక్కి ఒదిగిన పిల్లి.

పాపం, సర్కారుకు పిల్లి కనబడలేదు. 1950ల చివర్లో, చక్రపు రిమ్ము అడుగు అంచు కంటే కిందికి బండిలో ఏ భాగమూ దిగరాదని కాలిఫోర్నియా చట్టం చేసింది. కుర్రాళ్లు తక్కువవాళ్లా? పాత విమానాల హైడ్రాలిక్ పంపులు తెచ్చి బిగించారు. పోలీసు కనబడితే బండి లేచి నిలబడేది, మలుపు తిరగగానే మళ్లీ కూర్చునేది.

హిరోహాతా మెర్క్యురీని 1959లో ఓ కుర్రవాడు 500 డాలర్లకు కొనుక్కున్నాడట. 2022 వేలంలో అది దాదాపు 20 లక్షల డాలర్లు పలికింది. ఈ మాట చెబితే నాన్నగారు తమ చుట్టూ ఇంకోసారి తిరిగి వచ్చారు, ఈసారి చేతులు వెనక్కి కట్టుకుని.

ఇట్లు,
వేగనిరోధకాల దేశంలో పుట్టిన తమ విధేయుడు

తా.క.: తలుపు తెరిచే బొత్తాం ఎక్కడ దాచారో నాన్నగారు కనిపెట్టలేకపోయారు. ఇంటికొచ్చాక కూడా అదే అడుగుతున్నారు. దయచేసి తెలియజేయగలరు.